అడ్డం పెట్టిన చెయ్యి

జూన్ 9, సోమవారం

మందు తెచ్చాను. చిన్న సీసా, గీతలున్న డ్రాపర్. వంటింట్లో పై అరలో, పసుపు డబ్బా వెనక పెట్టాను. నానికి అందదు. నాకు కనిపించదు.

డాక్టరమ్మ తమిళం, ఇంగ్లీషు కలిపి చెప్పింది. అర్థమైనంత వరకు ఇక్కడ రాసుకుంటున్నాను. ఇది ఆటిజానికి మందు కాదు. వాడికి మాటలు తెప్పించదు. తనను తాను కొట్టుకోవడం, ఆ ఆవేశం... అది తగ్గవచ్చు. మత్తుగా ఉండవచ్చు. ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు వస్తుంది. మధ్యమధ్య రక్తపరీక్షలు. "తొందరేమీ లేదు, ఇంట్లో మాట్లాడుకోండి," అంది. లేచి తలుపు దాకా వచ్చాక మళ్ళీ పిలిచి, "కన్ను మాత్రం జాగ్రత్త."

కొట్టుకునేది కుడి కణత మీద. ఎప్పుడూ అదే చోట. అక్కడ చర్మం కాయ కాసింది. పక్కనే కన్ను.

వాడికి ఆరేళ్ళు.

జూన్ 10

ఆయన అన్న మాట: "రోజంతా చూసుకునేదానివి నువ్వు. నువ్వే చెప్పు సుజాతా." సంతకం పెట్టకుండా ఫైలు పై అధికారికి తోసేసినట్టు.

యానాం నుంచి అత్తయ్య ఫోను. "ఆ మందులెయ్యకమ్మాయ్. మన వీధి చివర కుర్రోడికి ఏసేరు. ఇప్పుడు పిలిస్తే పలకట్లేదు."

నాని ఇప్పుడు మాత్రం పలుకుతున్నాడా...

జూన్ 12

ఏ వేళకు, దేని తరవాత కొట్టుకుంటున్నాడో గమనించమంది డాక్టరమ్మ. గమనిస్తున్నాను.

మోటారు.

మేడ మీద ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు మా పడగ్గది గోడకు అవతలే ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది మొదలయ్యాక కాసేపటికి వాడి చెయ్యి లేస్తుంది. నిన్నా అంతే, ఇవాళా అంతే. యానాంలో మోటారు పెరట్లో, దూరంగా ఉండేది. అక్కడ ఇంతగా కొట్టుకోలేదు. ఈయనకు బదిలీ అయి ఈ తమిళ ఊరికి వచ్చాకే ముదిరింది.

మోటారే అయితే మందు అక్కర్లేదు.

జూన్ 13

మేడ మీదికి వెళ్ళి వసంతక్కను అడిగాను. ఇల్లు వాళ్ళది. రెడ్డియార్‌పాళయంలో తరతరాలుగా ఉన్నవాళ్ళు.

"మోటార్ సద్దుకా పిల్లోడు అట్ల చేసేది? ముందే చెప్పల్ల గదా మా." ట్యాంకు వైపు చూసింది. "మా ఆయన సేదరపేట్ షిఫ్టుకు పోయేలోగా నీళ్ళు కావల్ల. సరి, రాత్రి బకెట్లలో పట్టి పెడతాలే. నువ్వు వాన్ని స్కూల్లో వదిలినాక ఒక్కసారే మోటార్ వేస్తా, సాయంత్రం వద్దు. ఒకనాడు ఆయన రెండు చెంబులతో పోసుకొని పోతే కంపెనీ మూసేస్తారా ఏంది."

ఇది రాస్తూంటే తనే కిందికి వచ్చింది, అరటికాయలు ఇవ్వడానికి. పుస్తకం మూయబోయాను. "రాసుకో మా, నేను చదవలేను లే. తెలుగు మాకు నోటికే ఉండాది, కంటికి లేదు."

ఊళ్ళో నా భయం ఎవరూ చదవలేరు. అది కొంత నయం.

జూన్ 15, ఆదివారం

బీచ్ రోడ్డు. తరవాత వైట్ టౌన్‌లో, పాత ఫ్రెంచి ఇళ్ళ వీధుల్లో నడక. పసుపు గోడల వెంట నాని అరచెయ్యి ఆనించి నడుస్తాడు. ఒక ఇంటి గోడ అయిపోతే ఆగుతాడు, తరవాతి గోడ దాకా గాలిలోనే చెయ్యి చాపి నడుస్తాడు. కూనిరాగం తీస్తాడు. వెనక్కి వచ్చేసరికి అరచేతి నిండా పసుపు సున్నం. దాన్ని నాకు చూపించాడు. నాకు. చూపించాడు.

అదే చెయ్యి.

మందు వేశాక కొట్టుకోవడం ఒక్కటే పోతుందా, గోడ మీద నడిచే ఈ చెయ్యి కూడా పోతుందా. డాక్టరమ్మను అడగాల్సింది. నవ్వుతుందేమోనని అడగలేదు.

జూన్ 17

కొట్టుకోలేదు. నిన్న కూడా లేదు. రాయాలంటే భయంగా ఉంది.

జూన్ 19

పొద్దున వంటింట్లో ఉన్నంతసేపూ పడగ్గదిలోంచి వాడి కూనిరాగం వినిపిస్తూనే ఉంది. సాయంత్రం కూడా. వాడి అక్క హారిక పక్కన కూర్చుని చదువుకుంటోంది. పదో తరగతి. ఇంట్లో ఇంత నెమ్మది ఎప్పుడుందో గుర్తు లేదు.

సీసాను అరలో ఇంకా లోపలికి తోశాను. ఆయన కూడా, "చూశావా, మోటారే" అన్నారు. తనే కనిపెట్టినట్టు.

జూన్ 20, శుక్రవారం

మధ్యాహ్నం, వాడు స్కూలు నుంచి వచ్చాక. మోటారు లేదు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. పెరుగన్నం తిన్నాడు. తనకిష్టమైన పని చేసుకుంటున్నాడు, గ్లాసులోంచి గ్లాసులోకి బియ్యం పోసుకోవడం. నవ్వుతున్నాడు కూడా.

నవ్వుతూనే చెయ్యి ఎత్తాడు.

నేను పట్టుకునేలోపు కణత చిట్లింది. బియ్యం మీద రక్తం. కన్ను ఎర్రగా... ఆటోలో కళ్ళ డాక్టరు దగ్గరికి. లైటు వేసి చూశాడు. "ఈసారికి ఏమీ కాలేదు," అన్నాడు.

ఈసారికి.

కారణం దొరికితే భయపడడానికి ఒక చోటు ఉండేది. ఇప్పుడు ఇల్లంతా భయమే.

జూన్ 23

బదిలీ ఆర్డరు. మళ్ళీ యానాం. వచ్చే నెల మొదట్లో చేరాలి. ఆయన మొహంలో వెలుగు. "మన ఇల్లు, అమ్మ ఉంటుంది, గోదావరి గాలి. అక్కడ వాడు బాగుంటాడు సుజాతా. మందు సంగతి వెళ్ళాక చూద్దాం."

ఈ ఊరొచ్చేటప్పుడు కూడా ఇలాగే అన్నారు. పెద్ద ఊరు, పెద్ద డాక్టర్లు, వాడు బాగుంటాడని.

ఊరూ మందూ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలో, దేనివల్ల కీడో ఎలా తెలుస్తుంది. కూరలో ఉప్పూ పులుపూ కూడా నేను ఒకేసారి సరిచెయ్యను. పైగా అక్కడినుంచి ప్రతిసారీ చూపించడానికి కాకినాడ పరుగెత్తాలి. హారిక పదో తరగతి మధ్యలో వదలలేదు.

ఆయన ఒక్కరే వెళ్ళేట్టు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం అంటే... మాట్లాడడం మానేశారు.

జూన్ 25

హారిక అన్నం చెంచాతో తింటోంది. "చేత్తో తినవేమే?" "ఊరికే." చెయ్యి బల్ల కిందే ఉంది.

సాయంత్రం మేడ మీద బట్టలు తీసుకుని కిందికి వచ్చాను. పడగ్గది తలుపు ఓరగా ఉంది. నాని గోడకానుకుని కూర్చున్నాడు. హారిక వాడి పక్కన. ఎడమ చేత్తో సైన్సు పుస్తకం పట్టుకుని చదువుతోంది. కుడి అరచెయ్యి వాడి కణత మీద కప్పి ఉంచింది. వాడు కొడుతున్నాడు. దాని వేళ్ళ మీద. కూనిరాగం తీస్తూ. అది చదువు ఆపడం లేదు, ప్రతి దెబ్బకూ గొంతు మాత్రం కొద్దిగా ఆగుతోంది.

చెయ్యి లాగి చూశాను. వెనకవైపు వాచి నీలంగా ఉంది.

"నా చెయ్యి అడ్డం పెడితే వాడికి తగలదు కదమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మోటారు వేళ మార్చకముందు నుంచే. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు."

"నాకు చెప్పొద్దూ."

"నువ్వు ఆ మోటారు చూసుకుని సంతోషంగా ఉన్నావు కదా."

వాడు కొట్టుకోని రోజులు లేవు. దీనికి తగిలిన రోజులున్నాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇది స్కూల్లో ఉంది, అంతే.

జూన్ 26

మందు వెయ్యాలా వద్దా అని ఇన్నాళ్ళు ఆలోచించాను. ఇంట్లో ఒక మందు వాడుతూనే ఉన్నాం. దాని పేరు హారిక. దానికి ఏమవుతుందో ఏ డాక్టరునూ అడగలేదు.

ఆయనకు చెప్పాను. చాలాసేపు హారిక చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. తరవాత, "నాకూ భయమే సుజాతా. అందుకే తేల్చడం నీ మీద పెట్టాను."

జూన్ 27

వసంతక్క. మందును ఆమె మరుందు అంటుంది. "జొరానికి మరుందు ఇయ్యమా? అట్లనే ఇదీ."

"జ్వరం తగ్గాక పిల్లవాడు మళ్ళీ మన పిల్లవాడే అక్కా. ఇది వేశాక వాడు వాడుగా ఉంటాడో లేదో."

"అది నేను చెప్పకూడదు మా. నీ బిడ్డ, నువ్వు చెప్పల్ల. కాని నువ్వు పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వస్తా."

జూన్ 30

ఆయన వెళ్ళారు. బస్టాండులో, "నేను లీవు పెట్టి వచ్చేదాకా ఆగు," అన్నారు. లీవు ఎప్పుడిస్తారో తెలియదన్నారు.

మొదటి రోజుల్లో ఇంట్లో ఇద్దరు ఉంటే మంచిదని డాక్టరమ్మ మాట. ఆయన కాకపోతే ఆ రెండో మనిషి ఎవరు? మళ్ళీ హారికే.

జూలై 2

డాక్టరమ్మకు ఫోను చేశాను. "చాలా తక్కువతోనే మొదలు. సాయంత్రం ఇవ్వండి. మార్పు కొన్నాళ్ళకు గాని తెలియదు. ఏమైనా తేడా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యండి." గోడ మీద చెయ్యి సంగతి అడిగాను. నవ్వలేదు. "చెప్పలేనమ్మా. చూడాలి. నచ్చకపోతే మీ అంతట మీరు ఆపకుండా నాకు చెప్పండి, మెల్లగా తగ్గిద్దాం," అంది.

సీసా ముందుకు జరిపాను. వెయ్యలేదు.

జూలై 3

ఇవాళా వెయ్యలేదు. హారిక వేళ్ళకు గుడ్డ చుట్టుకుని వాడి పక్కన కూర్చుంది.

జూలై 4, శుక్రవారం

సాయంత్రం. హారిక ట్యూషన్ నుంచి ఇంకా రాలేదు. డ్రాపర్‌లోకి గీత దాకా తీశాను. వెలుతురుకు పెట్టి చూశాను. మళ్ళీ సీసాలోకి వదిలి, మళ్ళీ తీశాను.

నాని డ్రాపర్‌ను చూశాడు. విటమిన్ చుక్కలనుకున్నాడు. దగ్గరికి వచ్చి, మొహం పైకెత్తి నోరు తెరిచాడు. దేనికీ అంత తొందరగా రాడు.

వేశాను. మింగాడు. ఇంకా కావాలన్నట్టు నోరు మళ్ళీ తెరిచాడు.

ఇంకా ఆయనకు ఫోను చెయ్యలేదు. గోడకానుకుని కూర్చున్నాడు వాడు. కూనిరాగం మెల్లగా... ఆగింది. రెప్పలు బరువుగా ఉన్నాయి. ఇది సాయంత్రం అలసటేనా. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి మామూలుగానే ఉంది. మళ్ళీ చూశాను.

హారిక వచ్చింది. సీసా చూసింది. సంచీ పక్కన పెట్టి, వాడి పక్కన కూర్చుని, ఎప్పటిలాగే చెయ్యి వాడి కణత మీద కప్పింది.

వాడు చెయ్యి ఎత్తడం లేదు. దాని చెయ్యి అక్కడే ఉంది. పుస్తకం కూడా తీయలేదు. ఇద్దరూ కదలడం లేదు. దాన్ని చెయ్యి దింపమని చెప్పాలి. ఇది రాస్తూ కూర్చున్నాను.