వంగిపోయిన పంపు

తమ్ముడూ,

పొద్దున నీ సైకిల్ మీద పాలకి వెళ్తే వెనక బ్రేకు పట్టలేదు. ఇవాళే మార్పించు. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్లేటప్పుడు, తలుపు తెరిచినా తగలనంత దూరంలో తొక్కు. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఊరేగకు, తలకి పెట్టుకో.

నిన్న వెనక్కి చూడకుండా కారు తలుపు తీసి నీ గడ్డం పగలగొట్టినవాడు పాలషాపు దగ్గర కనబడ్డాడు. "మీవాణ్ణి చూసుకుని తొక్కమను" అని నవ్వాడు. ఒళ్లు మండి, సైకిల్‌కున్న పంపు పీకి వాడి మొహం మీద కొట్టాను. ముక్కు చితికింది, రెండు పళ్లు రాలాయి. పాలాయన నా చేతులు పట్టుకోకపోతే ఇంకా కొట్టేదాన్ని.

పోలీస్ స్టేషన్‌కి రమ్మన్నారు, వెళ్తున్నాను. అమ్మకి పనికెళ్లానని చెప్పు. కుట్లు తడపకు.

అక్క

పంపు వంగిపోయింది. నేనొచ్చేదాకా గాలి బయట కొట్టించుకో.