గలగలలాడని బంతి

మైదానంలో ఆడేవారికి,

గోడ ఇవతలి కుట్టు దుకాణం టైలరమ్మ కోపంగా రాయునది. మీ బంతి నిన్న మూడోసారి మా కిటికీలోంచి వచ్చి, ఇస్త్రీ బట్టల మీద పడింది. ఇంత కిటికీ, అందులో ఇంత మనిషిని నేను, కనపడమా? అసలు మీ జట్టులో ఎంతమందికి కళ్లున్నాయి? జవాబు రాయండి.

ఇట్లు,
మీ బంతి బాధితురాలు

తా.క.: కోపం కోపమే, పని పనే. బంతి లోపల ఏవో విరిగి గలగలమంటున్నాయి. కుట్లు విప్పి, ఆ రేకు ముక్కలన్నీ ఏరేసి, మళ్లీ కుట్టి గోడ మీంచి విసిరాను. ఇక చప్పుడు చేయమన్నా చేయదు.

---

టైలరమ్మగారికి,

జట్టు కెప్టెన్ నమస్కరించి చెప్పేది. మీరడిగిన లెక్క: ఒక్కరికండి. అదీ గోల్ కాసే మా బావకి. ఈ ఉత్తరం నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆయనే. మిగతా నలుగురం చూపు లేనివాళ్లం, బంతి చప్పుడు విని ఆడతాం. ఆ రేకు ముక్కలు అందుకే పెట్టారు. మీరు బాగుచేసిన బంతి కోసం నిన్న సాయంత్రమంతా వెతికాం. అది నా కాలి పక్కనే ఉందట.

రెండేళ్లు బతిమాలితే మైదానంవాళ్లు ఈ ఆదివారం పోటీ ఆడుకోమన్నారు. మాకున్నది ఈ ఒక్క బంతే. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాం. ముక్కలు పారేయలేదు కదా?

ఇట్లు,
కెప్టెన్

తా.క.: ఇది బావ మాట. బంతి నాకు కనపడుతూనే ఉంది. చెబితే మా కెప్టెన్ మరదలు నాకే గోల్ కొడుతుందని ఊరుకున్నాను.

---

అమ్మాయీ,

నోరు జారిన టైలరమ్మ తల వంచుకుని రాయునది. కోపంలో నోటికొచ్చింది అనేశాను. నిజంగా లెక్క చెబుతావనుకోలేదు తల్లీ. నీ ఉత్తరం చదివాక కత్తెర పట్టబుద్ధి కాలేదు. ముక్కలన్నీ బొత్తాల డబ్బాలోనే ఉన్నాయి. తడిమి తడిమి ఏరి, బంతిలో పెట్టి కుట్టాను. ఆదివారం మీకు అడ్డం రాకుండా మిషన్ తొక్కను. అయిదుగురికీ ఎర్ర చొక్కాలు పంపుతున్నాను. అంకెలు వేళ్లకు తగిలేలా దారంతో ఎత్తుగా కుట్టాను.

ఇట్లు,
నీ టైలరమ్మ

తా.క.: బంతిలోకి రెండు బొత్తాలు కూడా పోయినట్టున్నాయి. ఊడిపడితే దాచు, అవి ఎవరిదో కోటువి.

---

టైలరమ్మగారికి,

ఓడిపోయి కూడా నవ్వు ఆగని కెప్టెన్ రాయిస్తున్నది. వాళ్లు మూడు, మేం రెండు. ఒక గోల్ నాదే! నా చొక్కా మీది అంకె నేనే చదువుకోవడం ఇదే మొదటిసారండి. ఆట అయ్యేదాకా తడుముకుంటూనే ఉన్నాను. ఇక ప్రతి ఆదివారం రమ్మన్నారు. మీరు కిటికీలో కూర్చుని చూశారని బావ చెప్పాడు. చాలా సంతోషం వేసింది.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క.: ఇది బావ మాట, మరదలికి చదివి వినిపించలేదు. చొక్కాల్లో మూడే ఎరుపు, రెండు ఆకుపచ్చ. అవతలి జట్టుదీ ఆకుపచ్చే. విరామంలో నన్ను తమవాడనుకుని నీళ్లిచ్చారు. తాగేశాను.

---

అమ్మాయికీ, బావగారికీ,

ఈ ఉత్తరం ఒక్క ముక్క వదలకుండా చదవండి బావగారూ. ఆ రెండూ ఆకుపచ్చవని మీరు రాసేదాకా నాకు తెలియదు. ఏడాదిగా నా చూపు పోతోంది. ఆగదన్నాడు డాక్టరు. చెబితే కుట్టడానికి గుడ్డ ఎవరిస్తారని ఎవరికీ చెప్పలేదు. గోడ అవతల రోజూ ఆడుతున్నా, మీరెవరో నాకు కనపడలేదు. కళ్లున్నాయా అని అడిగింది మాత్రం నేనే.

ఆదివారం నేను ఆట చూడలేదమ్మా, విన్నాను. నీ గోల్ కూడా విన్నాను. ఏడాదిగా ఉన్న భయం ఆ పూట గుర్తుకు రాలేదు. కుట్టడం ఈ చేతులకు వచ్చు. మిగతాది నువ్వు నేర్పు. వచ్చే ఆదివారం వస్తాను, గేటు దగ్గర నా చెయ్యి పట్టుకో.

ఇట్లు,
మీ జట్టులో ఆరో మనిషి

తా.క.: మీ ఉత్తరాలు భూతద్దంతో చదువుతున్నాను. బావగారు అక్షరాలు పెద్దవి చేయాలి. ఇంకోసారి బంతి కిటికీలో పడితే మాత్రం కుట్లు విప్పను, తిరిగి తంతాను. ఎవరి గోల్‌లో పడుతుందో నా పూచీ కాదు.