కుడి నుంచి ఎడమకు

8 ఆగస్టు 1961, కరీంనగర్

ఈ లెక్క నన్ను వదలడం లేదు. ఏవైనా రెండు సంఖ్యలు తీసుకోవాలి. రెండోదానికి మైనస్ ఉంటే చెరిపేసి, అందులోంచి మొదటిదాన్ని తీసేయాలి. వచ్చింది మూడోది. ఇలాగే ముందుకు పోవాలి. ఒకటి, రెండుతో మొదలుపెట్టాను: 1, 2, 1, -1, 0, 1, 1, 0, -1. ఆ తర్వాత మళ్ళీ 1, మళ్ళీ 2! ఏ సంఖ్యలతో మొదలుపెట్టినా తొమ్మిది కాగానే ఇల్లు చేరుతున్నాయి. సూటి గీతలా నడవని ఈ నాన్-లీనియర్ ఈక్వేషన్‌కు ఇంత బుద్ధి ఎక్కడిది?

10 ఆగస్టు

మా మ్యాథ్స్ హెడ్ జగపతిరావు గారికి చూపించాను. హైదరాబాద్ సెమినార్‌కు కాలేజీ నుంచి ఒక్క పేరే పోతుంది. నూరు ఉదాహరణలు వెట్టినా రుజువు గాదు మేడమ్, వచ్చే శుక్రవారం దాకా ప్రూఫ్ తీసుకరాండ్రి, లేకుంటే నా పేరే పంపుత అన్నారు. ఉర్దూ మీడియంల సదివినోళ్లకు గిసుంటివి జర కష్టమే అని కూడా అన్నారు. ఒళ్ళు మండింది. నిజాం కాలంలో మాకు వేరే మీడియం ఎక్కడుంది?

14 ఆగస్టు

ఇది ప్లస్సా, మైనస్సా, ఏది పెద్దది? అన్నీ కేసులే. ఒకటి తెంపితే రెండు పుడుతున్నాయి. గా లెక్కలతోని కడుపు నిండుతదా, జర బుక్కెడు తిను బిడ్డా అని అవ్వ ఒకటే పిలుపు.

15 ఆగస్టు

జెండా వందనంలో కూడా అదే లెక్క.

17 ఆగస్టు, సాయంత్రం

ప్రూఫ్ లేదు. కనీసం మరిన్ని ఉదాహరణల పట్టికైనా ఇద్దామని, క్లాసుకు టైమవుతుంటే గబగబా రాసి హెడ్ టేబుల్ మీద పెట్టాను. తిరిగొచ్చాక చూసుకున్నాను. తొందరలో వరుసలన్నీ కుడి నుంచి ఎడమకు రాశాను, చిన్నప్పుడు ఉర్దూ బడిలో రాసినట్టు! ఆయన ఎడమ నుంచి చదివి అన్నింటికీ టిక్కులు పెట్టారు. అన్నీ కరెక్టే మేడమ్, గని ప్రూఫేది అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. వెనక నుంచి చదివితే ఎలా కరెక్టయింది?

పక్కపక్కనున్న ఏ మూడింటిలోనైనా ముందున్నదీ వెనకున్నదీ కలిపితే, మైనస్ చెరిపేసిన నడిమిది వస్తుంది. అంతే! ఎటునుంచి వచ్చినా నియమం ఒక్కటే. మైనస్ లేని రెండు సంఖ్యలు పక్కపక్కన ఎక్కడో తప్పక ఉంటాయి. వాటిలో చిన్నదే ముందుందనుకోవచ్చు, లేకపోతే వరుసను తిప్పి చదవడమే. చిన్నదాని రెట్టింపు పెద్దదానికంటే తక్కువా, కాదా? ఇక మిగిలినవి రెండే కేసులు. రెండూ చేశాను. రెండూ తొమ్మిదికే తిరిగొచ్చాయి.

గెలిచాను! అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పాను. పిచ్చి లేసిందా పోరీ, ఇడువు, నా నడుము ఇరుగుతది అని అరిచింది, నవ్వుతూనే.

18 ఆగస్టు

జగపతిరావు గారు రెండుసార్లు చదివి, లేచి నిలబడ్డారు. మీరే పోవాలె మేడమ్, నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న అన్నారు. ఏ మాటో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన ముందు గంభీరంగా ఉన్నాను. బయటికొచ్చి మెట్లు రెండేసి చొప్పున దిగాను.

26 ఆగస్టు, హైదరాబాద్

చప్పట్లు. చాలాసేపు. తర్వాత ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి, నియమాన్ని కొంచెం మారిస్తే ఎన్ని సంఖ్యలకు తిరిగొస్తుందని అడిగారు.

తెలియదన్నాను. తల ఎత్తి ఆ మాట అనడం నా జన్మలో ఇదే మొదలు.