మీ నడుముకి సరిపడే సింకు

ఏవండోయ్! ప్లంబరు వచ్చేసరికి వంటగట్టు ఖాళీ చేసి ఉంచండి. కొత్త సింకుని మంచం మీద పడుకోబెట్టాను, దుప్పటి తీసి చూడండి. లోతు తక్కువని గొణక్కండి. నా మనసంతా పెద్ద గిన్నెలు పట్టే లోతైన సింకు మీదే ఉండేది. కానీ కొట్లో మీ ఎత్తు రావాలని రంగు డబ్బా ఎక్కి, ఒక్కో సింకులోనూ ఉత్తుత్తిగా గిన్నెలు తోమి చూశాను. కొట్టతను నోరెళ్లబెట్టాడు, నాకేమో నవ్వాగలేదు! లోతైనదాంట్లోకి వంగేసరికి నడుం పట్టేసింది. రోజూ మీరు పడే అవస్థ అప్పుడు తెలిసింది, పాపం.

ఇక నడుం నొప్పని సగం అంట్లు నాకు వదిలేస్తే కుదరదు!

మరిచాను, మొదటి గిన్నె నేనే తోముతాను. ఆ రంగు డబ్బా కూడా ఇంటికి తెచ్చుకున్నాను. నేనొచ్చేలోపు కుళాయి తిప్పారో, దానిమీదెక్కి మీ కళ్లలోకి సూటిగా చూస్తూ పోట్లాడతాను!