గుండ్రాలు కుట్టే ఫుట్

మా సెరేర్ జాతివాళ్లతో వేళాకోళం పుట్టుకతోనే రాసిపెట్టి ఉన్న టుకులోర్ జాతి బావా,

నువ్వు చూసి నవ్విన ఆ గుండ్రాల ఫుట్ గెలిచింది! పొట్టేలు కోసే తబస్కి పండక్కి ఆడాళ్ల సంఘం బట్టలు నేను కుట్టాలో, పట్నం దర్జీ కుట్టాలో నిన్న అందరి ముందూ తేలింది. మిషను సూది కింద ఆ ఫుట్ బిగించి, దాని ముల్లు మెరిసే బిరుసు బజాన్ గుడ్డలో గుచ్చాను. ముల్లు చుట్టూ గుడ్డ తిరుగుతుంటే సూది గుండ్రంగా కుట్టుకుపోయింది. మెడ కింద వరసగా గుండ్రాలు విచ్చుకున్నాయి.

అంతలో మీ అక్క కుంబా గోల పెట్టింది. "అయ్యో, ప్రతి గుండ్రం నడిమధ్యా ముల్లు పొడిచిన చిల్లే! బజాన్‌కి చిల్లు పడితే పూడదే, సెరేరు దానా!"

"చిల్లు లేకపోతే పూస ఎక్కడ కూర్చుంటుందే?" అని ప్రతి చిల్లు మీదా బంగారు రంగు పూస కుట్టేశాను. సంఘమంతా చప్పట్లు! మీ అక్కే ముందుగా కొలతలిచ్చింది.

పని కొండంత ఉంది. అంచులు మడిచి కుట్టడానికి ఒక టుకులోర్ కావాలి. ఈ ఒక్క మాటా వేళాకోళం కాదు బావా, వచ్చెయ్.

నీ సెరేర్ మరదలు