ఫణి పేరున ఉన్న నా రాళ్లు

గనుల క్లెయిముల నమోదు అధికారి గారి సముఖమునకు,
చాండ్లర్, ఆరిజోనా నివాసి బొంతు కృపావరం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: "హాసిని నంబర్ 1" అను క్లెయిముపై ఏప్రిల్ నెలలో నేనిచ్చిన ఫిర్యాదును కొట్టివేయు నిమిత్తము.

ఆ ఫిర్యాదు ఇంగ్లీషులో వ్రాసితిని. ఇంగ్లీషులో నాకు అబద్ధమే బాగా వచ్చినది గనుక ఇది తెలుగులో వ్రాయుచున్నాను. నా భార్య జెమీమా చేసిన అనువాదము జతపరచడమైనది.

1. నేను విశాఖలో భూగర్భశాస్త్రము చదివి, కడప జిల్లా ముగ్గురాయి (బెరైటీస్) గనులలో రెండేళ్లు పనిచేసి, పిమ్మట సాఫ్ట్‌వేరులోకి మారి, పదమూడేళ్లుగా ఇచ్చట హెచ్-1బి వీసాపై ఉన్నాను. ఫణి మా ఆఫీసువాడే, మిత్రుడు. వయసులో చిన్నవాడైనా నాకన్నా నాలుగేళ్లు ముందు వచ్చినందున గ్రీన్ కార్డు, ఆపై పౌరసత్వము పొందినాడు. ఆ రోజు వారింట స్వీటు తిన్నాను. అది గొంతు దిగలేదన్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2. ఫిబ్రవరిలో మేమిద్దరం కారులో మూడు గంటలు పడమరగా పోయి, ఎడారి కొండలలో నడుచుచుండగా, ఎండిన వాగులో ఒక తెల్లరాయి నా చేతికి వచ్చింది. సైజుకు మించిన బరువు. ముగ్గురాయి! అలాంటి ముక్కలనే ఏరుకుంటూ పైకెక్కితే, కొండ పక్కన మూడడుగుల వెడల్పు తెల్లని చార. అందులో ఊదా, ఆకుపచ్చ రంగుల ఫ్లోరైటు, అక్కడక్కడా అద్దంలా మెరిసే సీసపు ఖనిజం. ఇరవై గజాలు పోయాక చార మాయమైంది. వ్యాపారానికి పనికిరాని చిన్న నిక్షేపం. అయినా అందులో నా చదువు నాకు ఇన్నేళ్లకు మళ్లీ కనబడింది.

"ఏంటన్నా ఇది, మార్బులా?" అన్నాడు ఫణి.

3. ప్రభుత్వ భూమిలోని ఖనిజముపై హక్కు కోరు క్లెయిము వేయుటకు పౌరుడై ఉండవలెను, లేదా పౌరుడగుటకు డిక్లరేషన్ ఇచ్చి ఉండవలెను. నేను రెండూ కాను. "నీ పేరు మీద ఫైల్ చేయరా" అని నేనే అన్నాను. చేశాడు. ఇద్దరం పోయి నాలుగు మూలలా సరిహద్దు కర్రలు పాతి, నోటీసు తగిలించాం. క్లెయిముకు తన భార్య పేరు పెట్టాడు. అదీ ఓర్చుకున్నాను.

4. ఉగాదికి వారింట పాతికమంది అతిథుల ముందు ఫణి ఊదారంగు రాయిని ఎత్తి చూపుతూ, "జస్ట్ ఇలా లిఫ్ట్ చేశా, వెయిట్‌ని బట్టి నాకు వెంటనే తెలిసిపోయింది" అన్నాడు. బరువును బట్టి పట్టేది తెల్లరాయినయ్యా, ఊదారాయిని కాదు! అది కూడా తెలియదు. హాసిని అతణ్ణి ఎంత గర్వంగా చూసిందో! జెమీమా నన్ను ఏనాడూ అలా చూడలేదు. (ఈ వాక్యము అనువాదములో ఉండకపోవచ్చును.)

5. ఆ శనివారం నేనొక్కడినే వెళ్లి, సరిహద్దు కర్రలు నాలుగూ పీకి పక్క లోయలో పడవేసి, నోటీసు చించి, సోమవారం "అచ్చట గుర్తులు ఏవియు లేవు, క్లెయిము బూటకము" అని తమకు ఫిర్యాదు చేసితిని.

6. గుర్తులు చూపమన్న తమ కార్యాలయపు లేఖ అందగానే ఫణి నా దగ్గరకే వచ్చాడు. "అన్నా, నువ్వు లేకపోతే ఆ ప్లేస్ నేను ఫైండ్ చేయలేను. ప్లీజ్, రా."

వెళ్లాం. అతడు ఎండలో వేరే వాగు పట్టుకుని గంటసేపు తిరుగుతుంటే నేను బండమీద కూర్చుని చూశాను. సంతోషంగానే ఉంది. చివరకు చార దగ్గరకు తీసుకెళ్లాను. కర్రలు వెతుకుదామన్నాడు. ఏమరుపాటున తిన్నగా పక్క లోయలో వాటి దగ్గరకే నడిచాను.

"ఇక్కడున్నాయని నీకెలా తెలుసన్నా?"

నేను వంగి రెండు కర్రలు ఎత్తుకున్నాను. మిగతా రెండూ అతడు భుజాన వేసుకున్నాడు. నాలుగూ తిరిగి పాతాం. తిరుగు దారిలో రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "పార్టీలో నేను చెప్పిన మాట నీది. చెప్తుంటేనే తెలుసు. ఇక్కడికొచ్చిన పదిహేడేళ్లలో నా మాట అంతమంది అంతసేపు ఎప్పుడూ వినలేదన్నా. ఆపలేకపోయా."

మా ఇంటి ముందు దింపి, "కంప్లైంట్ కూడా నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే."

కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. పద్దెనిమిది రోజులైంది. ఆఫీసులో నన్ను చూస్తే లిఫ్టు వదిలి మెట్లెక్కుతున్నాడు.

కావున సదరు ఫిర్యాదును కొట్టివేసి, ఫణి క్లెయిమును యథాతథముగా ఉంచి, చర్య ఏదైనను నాపై తీసుకొనవలసినదిగా మనవి. ఇందువలన వీసాకు ఏమగునని జెమీమా అడిగినది, తెలియదంటిని. నా అసూయ తీరిపోయినదని మాత్రము వ్రాయలేను. తమకు ఒక అబద్ధము వ్రాసినది చాలును. ఈ తప్పును, చేసిన మనిషిని కూడా తమరు చిత్తగించవలెను.

ఈసారి నిజముగానే తమ విధేయుడు,
బొంతు కృపావరం

తా.క. మీ వాళ్లు తనిఖీకి వచ్చేటప్పుడు జతచేసిన పటం తెచ్చుకోమనండి, ఫణి దారి చూపించలేడు. అక్కడ ఆ ఊదారాయి చూశాక, దీన్ని మొదట కనిపెట్టిందెవరని ఫణిని ఒక్కసారి, ఊరికే, అడగమనండి. ఏం చెప్పాడో నాకు రాయనక్కర్లేదు. రాస్తే మాత్రం ఇంటి అడ్రసుకే రాయండి.