ఇసమ్ వాళ్లమ్మ పేరు

2019 జూన్ 3, సోమవారం

దొరికింది! పన్నెండేళ్ల వేట ముగిసింది. ముత్తాత ఇసమ్ టార్వర్ తల్లి పేరు ఫిలిస్.

ఇందులో తిరుగులేదు. 1870 సెన్సస్‌లో ఇసమ్ పేరుంది. అంతకుముందు బానిసలుగా ఉన్న మా నల్లవాళ్లకు కాగితాల మీద పేర్లెక్కడివి? యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, అంతే. బానిసలకు తరచూ దొర ఇంటిపేరే ఉండేది, అందుకని యజమానిని పట్టుకున్నాను. మా కౌంటీలో టార్వర్ అనే దొర ఒక్కడే. 1851లో వాడు రాసిన వీలునామాలో గుర్రాలకీ కుర్చీలకీ మధ్య "ఫిలిస్, దాని తొమ్మిదేళ్ల కొడుకు" అని ఉంది. ఇసమ్ వయసు లెక్కేస్తే సరిగ్గా తొమ్మిది. పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చెరిగిపోయిన అడ్రసులు చదివి ఉత్తరాలు చేర్చినదాన్ని. నా దగ్గరా ఈ దాగుడుమూతలు!

జూన్ 4

జిప్పోరా అత్తకు ఫోన్ చేశాను. నాన్న తోబుట్టువుల్లో మిగిలింది ఆవిడొక్కతే. తొంభై ఒకటి. చుట్టాలంతా కలిసే రీయూనియన్‌లో పెద్దల పేర్లు పిలిచేది ఆవిడే. ఒక్కో పేరు పిలుస్తుంటే ఆ మనిషి సంతానమంతా లేచి నిలబడాలి. ఏటా ఇసమ్‌తో మొదలుపెడుతుంది. మా తాత ఆకాశం నుంచి ఊడిపడ్డాడా, ఆ తల్లిని పిలిచాకే నేను పోతాను అని ఒకటే గొడవ.

ఫిలిస్ అని చెప్పాను.  "సరిగ్గా చూశావుటే వెర్లీన్? ఇల్లలకగానే పండగ కాదే" అంది. నాకు ఒళ్లు మండింది. నేను చూస్తే చూసినట్టే అత్తా అన్నాను.

జూన్ 19

తమ్ముడు డెల్మార్ రీయూనియన్‌కి టీషర్టులు ప్రింటు చేయించేశాడు. నూట నలభై. పసుపు రంగు. వీపు మీద పెద్ద వంశవృక్షం, మొదట్లో ఫిలిస్ పేరు. నేనే ముందు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను.

జూలై 9

పప్పులో కాలేశాను. రేపు రాస్తాను.

జూలై 10

మా చర్చి పాత ఫొటో దొరుకుతుందేమోనని లైబ్రరీలో 1883 నాటి పేపర్ ఫిల్ము రీలు తిప్పుతున్నాను. మావాళ్లు నడిపిన చర్చి పేపరది. చివరి పేజీలో తప్పిపోయినవాళ్ల కోసం ప్రకటనలు. అందులో ఇది:

"ఎడిటరు గారికి, మా అమ్మ ఆచూకీ కావాలి. పేరు క్రెస్సీ. వర్జీనియాలో టార్వర్ దగ్గర ఉండేవాళ్లం. నాకు ఏడేళ్లప్పుడు జార్జియాకు అమ్మేశారు. ఆ తర్వాత ముగ్గురు యజమానులు మారారు. ఎవరి పేరూ పెట్టుకోలేదు. అమ్మ నన్ను వెతికితే టార్వర్ అనే వెతుకుతుంది. పాస్టర్లు దయచేసి చర్చిలో చదివి వినిపించండి."

కింద ఇసమ్ పేరు, భార్య లువేనియా పేరు, మా చర్చి అడ్రసు.

మా కౌంటీ టార్వర్‌కీ మాకూ సంబంధమే లేదు. ఇంటిపేరు చూడగానే దొరను వెతికానే గానీ, ఆ పేరు ఆయన ఎందుకు వదల్లేదో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎంత బుద్ధిహీనురాలిని! నలభై దాటినవాడు, ఆరుగురు పిల్లల తండ్రి, అమ్మ కోసం పేపరుకెక్కాడు. అక్కడే కూర్చుని భోరుమన్నాను.

సాయంత్రం వరకూ మిగతా రీళ్లు తిప్పాను. ఆరేళ్లలో పదకొండుసార్లు వేయించాడు. జవాబు ఎక్కడా లేదు.

జూలై 11

డెల్మార్ ముందు పగలబడి నవ్వాడు. ఎవరి తల్లినో నూట నలభై వీపుల మీద ఎక్కించాం కదే అక్కా అన్నాడు. తర్వాత, "పోనీలే, ఇన్నేళ్లయ్యాక ఎవడొచ్చి చూస్తాడు? నోరు మూసుకుంటే పోలా" అని సలహా. నా వల్ల కాదన్నాను. తప్పు చేశానని ఒప్పుకోవడం నాకు విషమే. అయినా ఇసమ్ పదకొండుసార్లు పిలిచిన పేరును నేను మింగెయ్యలేను.

అత్తకు ఫోన్ చెయ్యలేదు, స్వయంగా వెళ్లాను. తిట్టిపోస్తుందనుకున్నాను. ప్రకటన రెండుసార్లు చదివించుకుంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

టీషర్టులు చింపేయిస్తానన్నాను. "నోర్ముయ్. ఫిలిస్‌ని పిలిచేవాళ్లు ఉన్నారో లేదో పాపం. మన వీపుల మీద ఉంటే మనకేం బరువు? పిలవడానికి మాత్రం నాకు క్రెస్సీ కావాలి" అంది.

జూలై 21, ఆదివారం

చుట్టాలందరికీ ఉత్తరం రాశాను. తప్పు నాదేనని మొదటి వాక్యంలోనే చెప్పాను. ప్రకటన కాపీ కూడా జత చేశాను. చికాగో పిన్ని ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది.

జూలై 27, శనివారం

రీయూనియన్‌లో ప్రకటన నేనే చదివాను. చర్చిలో, బిగ్గరగా. అత్త, "క్రెస్సీ" అని పిలిచింది. ఏ కొమ్మవాళ్లు లేవాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరం లేచాం.

కాసేపటికి ముందు వరసవాళ్లు కూర్చోబోయారు.

"ఆగండర్రా" అంది అత్త. "ఆవిణ్ణి మనల్ని కళ్లారా చూసుకోనివ్వండి."